కన్ను - కాంతి - కళ్ళజోడు

లోతైన గిన్నె యొకదాని అడుగున రూపాయి నాణెము నుంచుడు. గిన్నె అంచు చాటున నాణెము కనబడకుండునంత దూరము వెనుకకు జరిగి, కదలక నిలువుడు. మఱియొకరు గిన్నెలో మెల్లగా నీరు పోసినచో, మఱుగుపడిన నాణెము పైకి లేచినట్లు కనబడును. నాణెము కదలలేదు, మీరును కదలలేదు. మాఱినది కాంతి నడచు త్రోవ. మన చూపునకును, కళ్ళజోడునకును ఈ చిన్న వింతయే మూలము.

శూన్యములో కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. ఆ వేగము నీటిలో సుమారు 2 లక్షల 25 వేలకును, సామాన్యమైన గాజులో సుమారు 2 లక్షలకును తగ్గును. వేగము తగ్గినంత మాత్రమున త్రోవ యేల వంగవలెను? గట్టి బాట మీద పోవు ఎడ్లబండి ఏటవాలుగా ఇసుకలోనికి దిగుట ఊహింపుడు. ముందుగా ఇసుక తగిలిన చక్రము నెమ్మదించును. రెండవది ఇంకను వడిగానే తిరుగును. అందుచే బండి నెమ్మదించిన చక్రము వైపునకు మళ్ళును. రెండు చక్రములును ఒక్కసారిగా దిగినచో వేగము తగ్గునే కాని బండి మళ్ళదు. కాంతియు నట్లే ఏటవాలుగా వేఱొక పదార్థములో ప్రవేశించునపుడు వంగును. దీనినే వక్రీభవనము అందురు.

కంటి ముందు భాగమున గడియారపు అద్దమువలె ఉబ్బిన పారదర్శకమైన పొర కలదు. అదియే కార్నియా యను స్వచ్ఛపటలము. కంటిలో జరుగు వక్రీభవనములో సుమారు మూడింట రెండు వంతులు ఇచటనే జరుగును. చెఱువులో మునిగి కన్నులు తెఱచినవారికి అంతయు మసకగా తోచుటకు కారణ మిదియే: నీటికిని ఈ పొరకును కాంతివేగములో భేద మత్యల్పము గనుక కాంతి తగినంత వంగదు. కనుపాప వెనుకనున్న కటకము మిగిలిన పనిని చేయును. దగ్గఱి వస్తువును చూచునపుడు కండరముల సాయముచే అది మఱింత ఉబ్బును. ఇట్లు వంగిన కిరణములు కంటి వెనుకనున్న నేత్రపటలముపై తలక్రిందులైన ప్రతిబింబమును ఏర్పఱచును. ఈ సంగతిని 1604లో కెప్లరు అను జర్మను శాస్త్రజ్ఞుడు వివరించెను. ఆ బొమ్మను సరిగా గ్రహించుట మెదడు పని.

పెద్దవారి కనుగ్రుడ్డు ముందునుండి వెనుకకు సుమారు 24 మిల్లీమీటర్లు ఉండును. అది ఒక మిల్లీమీటరు పొడవెక్కినను దూరపు వస్తువుల బొమ్మ నేత్రపటలమునకు ముందే పడును. అందుచే నల్లబల్ల మసకగాను, పుస్తకము స్పష్టముగాను కనబడును. ఇది హ్రస్వదృష్టి. నడుమ పలుచగానుండు పుటాకార కటకము కిరణములను కొంచెము విప్పి, బొమ్మను వెనుకకు జరుపును. అర మీటరు దూరము వఱకే స్పష్టముగా చూడగల బాలునికి డాక్టరుగారు చీటీపై −2 అని వ్రాయుదురు. ఒకటిని మీటర్లలోని ఆ దూరముచే భాగించగా వచ్చు సంఖ్యయే అది; పుటాకార కటకమునకు ఋణచిహ్నము చేర్తురు. కనుగ్రుడ్డు పొట్టిదైనచో కలుగునది దీర్ఘదృష్టి. దానికి నడుమ మందముగానుండు కుంభాకార కటకము తగినది.

నలుబది యేండ్లు దాటిన పిమ్మట కంటి కటకము బిరుసెక్కి, దగ్గఱి చూపునకు చాలినంత ఉబ్బజాలదు. దీనిని మనము చత్వారమనియు, కన్నడిగులు చాళీసు అనియు, మరాఠీలు చాళిశీ అనియు అందురు. ఈ పేరులన్నియు నలుబది అను సంఖ్యనుండి పుట్టినవే.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. మన పిల్లలు తెలుగు, హిందీ, ఇంగ్లీషు అను మూడు లిపులను నల్లబల్లపై చూచి నేర్వవలసియున్నది. బిడ్డ అక్షరములు తప్పుగా ఎక్కించుకొన్నచో, ఆ భాష వానికి రాదనియో, తెలివి చాలదనియో తలంచుటకు ముందు కన్నులు పరీక్ష చేయింపుడు. పుట్టుకనుండి మసకగా చూచు బిడ్డకు లోకమే అట్లుండునని తోచును గాని, తన చూపులో లోపమున్నదని తెలియదు. ఒక్కొక్క కన్ను మూసి చూపింపుడు. మంచి కన్ను రెండవదాని లోపమును కప్పిపుచ్చును. చిన్నతనమున అట్లే విడిచినచో మెదడు ఆ కంటిని లెక్కచేయుటయే మానును.

కళ్ళజోడు పెట్టిన చూపు మఱింత చెడుననుట అపోహ. ఆకుకూరలు, క్యారెట్లు రేచీకటి రాకుండ కాపాడును. కాని పొడవెక్కిన కనుగ్రుడ్డును కుదింపజాలవు. పగటి వెలుతురులో ఆరుబయట ఆడుకొను పిల్లలలో హ్రస్వదృష్టి ఆరంభమగుట తక్కువ. ఆడపిల్లకు కళ్ళజోడు పెండ్లికి అడ్డమని మాన్పించువారు, ఆమె చదువునకు తామే అడ్డమగుచున్నారు.

విద్యార్థులారా! నల్లబల్ల మసకగా తోచినచో దాపఱికము వలదు. ఆ దినముననే ఉపాధ్యాయునితో చెప్పుడు. అది మీ తప్పు కాదు. ఒక మిల్లీమీటరు తేడా. దానిని దిద్దుటకు గాజుబిళ్ళ చాలును.