భూకంపానికి ముహూర్తం ఎవరు పెట్టగలరు?

ఎక్కడో భూమి కంపించిందన్న వార్త వచ్చినప్పుడల్లా రాయ్‌పూర్‌లోని మన క్వార్టర్లలో ఒక వదంతి బయలుదేరుతుంది. "ఈ రాత్రికి ఇక్కడ కూడా వస్తుందట, నిజమేనా?" అని ఇంజనీర్లమైన మమ్ములను అడుగుతారు. తేదీ, సమయం ముందుగా చెప్పగల శాస్త్రం నేటికీ లేదనియే మా సమాధానం. అయితే, వస్తుందని చెప్పలేని శాస్త్రం రాదని కూడా చెప్పలేదు. ఈ రెండవ మాటను మనం తరచుగా మరచిపోతున్నాము.

ఉక్కు కడ్డీని పరీక్షా యంత్రంలో సాగదీసినప్పుడు దానిపై పడుతున్న బలమెంతో ముల్లు చూపుతుంది. భూగర్భంలో కిలోమీటర్ల లోతున, శతాబ్దాల తరబడి ఒత్తిడికి లోనవుతున్న శిలలకు అటువంటి ముల్లు అమర్చలేము. పైగా చిన్న కంపమూ, పెద్ద కంపమూ దాదాపు ఒకే తీరున ప్రారంభమవుతాయి. పగులు ఎంత దూరం సాగి ఆగుతుందో ముందు తెలియదు.

చైనాలోని హైచెంగ్‌లో 1975 ఫిబ్రవరి 4న, ముందుగా వచ్చిన చిన్న ప్రకంపనలను గమనించి ప్రజలను ఇళ్ళ నుండి తరలించగా ఎన్నో ప్రాణాలు దక్కాయి. మరుసటి సంవత్సరం జులై 28న తంగ్‌షాన్‌లో అటువంటి సూచన కానరాలేదు. రెండు లక్షలకు పైగా ప్రజలు మరణించారు. అమెరికాలోని పార్క్‌ఫీల్డ్‌లో 1993 లోపల రాగలదని అంచనా వేసి, పరికరాలు అమర్చి వేచి ఉన్న భూకంపం 2004లో వచ్చింది.

సునామీ విషయం కొంత వేరు. దానికి కారణమైన భూకంపాన్ని ముందుగా చెప్పలేకపోయినా, అల తీరం చేరడానికి వ్యవధి పడుతుంది. 2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద పుట్టిన అల మన తూర్పు తీరానికి రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అప్పుడు హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థ లేదు. 2007లో హైదరాబాదులో అటువంటి కేంద్రం ఏర్పడింది. అయినా ప్రతి సముద్రగర్భ భూకంపమూ సునామీ కాదు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా సమీపంలోనే 8.6 తీవ్రతతో భూమి కంపించినా, శిలాఫలకాలు ప్రక్కకు జరిగినందున పెద్ద అల లేవలేదు.

సముద్రం లేని మనకు ఆ వ్యవధి కూడా దొరకదు. 2002 నాటి భారతీయ ప్రమాణాల పటం రాయ్‌పూర్‌ను అతి తక్కువ ప్రమాదం గల మండలంలో చూపినది. అది అభయపత్రం కాదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున వేలాది మందిని బలిగొన్న కిల్లారి కూడా నాటి పటంలో అటువంటి మండలంలోనిదే. భద్రాచలం ప్రాంతం 1969లో, జబల్‌పూర్ 1997లో కంపించాయి.

కిల్లారిలో ప్రజలను చంపినవి ముఖ్యంగా మట్టితో పేర్చిన బరువైన రాతి గోడలే. మనలో చాలామంది పదవీ విరమణకు ముందు సొంత ఇల్లు కట్టుకొంటారు. ఆ ఇంటికి లింటెల్ మట్టంలో గోడలన్నింటినీ చుట్టివచ్చే కాంక్రీటు పట్టీ వేయించండి. బరువైన బీరువాలను గోడకు బిగించండి. గృహప్రవేశానికి ముహూర్తం పంతులుగారు పెడతారు. భూకంపానికి పెట్టగలవారు లేరు గనుక, గోడలు కట్టే రోజుననే జాగ్రత్త వహించడం మన చేతిలోని పని.