చిటికెనవేలికి తిమ్మిరి ఎందుకు రాదు?

రాత్రిపూట అమ్మ నిద్రలేచి, తిమ్మిరెక్కిన చెయ్యి విదిలించుకోవడం చూశారా? కారణం మణికట్టులో ఉండొచ్చు. అక్కడి 8 చిన్న ఎముకలకూ, వాటి మీది గట్టి పట్టీకీ మధ్యనున్న సందే కార్పల్ టన్నెల్. వేళ్లను ముడిచే 9 టెండన్లు, వాటితోపాటు మీడియన్ నరం ఆ ఇరుకులోంచే వెళ్లాలి. టెండన్ల చుట్టూ ఉన్న పొర వాచిందంటే నలిగేది మెత్తని నరమే. నిద్రలో మణికట్టు వంగితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం ఈ నరానివి. చిటికెనవేలిది వేరే నరం. అది ఈ సొరంగంలోకే రాదు. ఏ వేళ్లకు తిమ్మిరో చెబితే డాక్టరుకు ఎంత మంచి ఆధారమో!

రాత్రి మణికట్టు వంగకుండా స్ప్లింట్ కట్టుకుంటే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. అమ్మ ఓర్చుకుంటానన్నా ఒప్పుకోకండి. నరం నలిగి బొటనవేలి మొదట్లోని కండరం సన్నబడకముందే డాక్టరుకు చూపించాలి.