కుటుంబ పెట్టుబడులన్నీ ఒకే తెరపై: చూసుకోవడం, మనకు తగ్గట్టు మలచుకోవడం

బ్యాంకు ఉద్యోగి ఇంట్లో బదిలీ కొత్త కాదు. మూడేళ్లకో, నాలుగేళ్లకో సామాను సర్దుకుంటాం, పిల్లల టీసీలు తీసుకుంటాం, గ్యాస్ కనెక్షన్ మార్పించుకుంటాం. కానీ మనతో పాటు ఊరు మారనివి కొన్ని ఉంటాయి. విజయనగరంలో ఉన్నప్పుడు తెరిచిన పీపీఎఫ్ ఖాతా, కరీంనగర్‌లో మార్చి నెలాఖరున పన్ను మినహాయింపు కోసం హడావుడిగా కొన్న ఫండు, హైదరాబాద్‌లో ఒక పబ్లిక్ ఇష్యూ కోసం తెరిచిన డీమ్యాట్ ఖాతా. ఒక్కో దాంట్లో ఒక్కో పాత చిరునామా, ఒక్కో పాత ఫోన్ నంబరు. వీటన్నిటి సంగతి ఇంట్లో సాధారణంగా ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరికీ అన్నీ గుర్తుండకపోవచ్చు.

ఈ చెల్లాచెదురు సొమ్మును ఒకచోట చూపించే తెరనే పోర్ట్‌ఫోలియో ఓవర్‌వ్యూ అంటున్నాం. దాదాపు ప్రతి పెట్టుబడి యాప్‌లోనూ మొదటి పేజీ ఇదే. దాన్ని తెరవడం తేలికే. అది చూపేది ఏమిటి, చూపనిది ఏమిటి, మన ఇంటి అవసరానికి ఎలా అమర్చుకోవాలి అన్నవి కుటుంబమంతా కలిసి తెలుసుకోవాల్సిన విషయాలు.

నేను పనిచేస్తున్న సూరత్‌లో షేర్ల మాట వినబడని చాయ్ దుకాణం అరుదు. రింగ్ రోడ్ బట్టల మార్కెట్లో, వరాఛా వజ్రాల కార్ఖానాల దగ్గర, లింబాయత్, ఉధ్నా ప్రాంతాల మరమగ్గాల వీధుల్లో అందరి చేతుల్లోనూ ఫోన్లే, ఆ ఫోన్లలో పెట్టుబడి యాప్‌లే. తెలంగాణ జిల్లాల నుంచి తరాల క్రితం వచ్చి స్థిరపడిన మన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు కూడా నడుపుతోంది. ఆ ఇళ్ల యువతరం శాఖకు వస్తే తరచుగా అడిగేది ఒక్కటే: "సార్, యాప్‌లో ఇంత కనిపిస్తోంది, ఇది నిజంగా నాకు ఉన్నట్టేనా?" ఈ ప్రశ్న మన ఇళ్లలోనూ వేసుకోదగ్గదే.

అసలు రికార్డు ఎక్కడుంది?

మనం చూసే యాప్ అద్దం లాంటిది. సొమ్ము రికార్డు ఉండేది వేరే చోట. షేర్లు, బాండ్లు డీమ్యాట్ రూపంలో ఉంటే వాటి రికార్డు రెండు డిపాజిటరీల్లో ఒకదాని దగ్గర ఉంటుంది: 1996లో మొదలైన ఎన్‌ఎస్‌డీఎల్, లేదా 1999లో మొదలైన సీడీఎస్‌ఎల్. మ్యూచువల్ ఫండ్ యూనిట్ల లెక్కలు చూసేవి ప్రధానంగా చెన్నైలోని క్యామ్స్, మన హైదరాబాద్‌లోని కేఫిన్‌టెక్. ఈ రెండూ కలిసి 2021లో ఎంఎఫ్ సెంట్రల్ అనే ఉమ్మడి వేదికను తెచ్చాయి. ఏ ఏజెంటు ద్వారా కొన్నా, ఏ యాప్‌లో కొన్నా మీ ఫండ్లు అక్కడ ఒకేచోట కనిపిస్తాయి.

వీటన్నిటినీ కలిపి వచ్చే పత్రం కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంట్, వాడుకలో క్యాస్. డీమ్యాట్ ఖాతా ఉన్నవారికి షేర్లు, ఫండ్లు రెండూ కలిపి డిపాజిటరీ పంపే క్యాస్ 2015 నుంచి వస్తోంది. లావాదేవీ జరిగిన నెలకు నెలవారీగా వస్తుంది, ఏ లావాదేవీ లేకపోతే ఆరు నెలలకు ఒకసారి వస్తుంది. మీరు అనుమతిస్తే ఎన్‌పీఎస్ నిల్వ కూడా ఇందులో చేరుతుంది. 2025 ఏప్రిల్ నుంచి డీమ్యాట్, మ్యూచువల్ ఫండ్ స్టేట్‌మెంట్లను డిజిలాకర్‌లో దాచుకునే వీలు కూడా వచ్చింది. యాప్‌లో అంకెకూ క్యాస్‌లో అంకెకూ తేడా వస్తే నమ్మాల్సింది క్యాస్‌నే.

బ్యాంకు డిపాజిట్ల విషయానికి వస్తే, అకౌంట్ అగ్రిగేటర్ విధానం ఉంది. రిజర్వు బ్యాంకు 2016లో నియమాలు రూపొందించింది, 2021 సెప్టెంబరులో ఇది అమల్లోకి వచ్చింది. ఒక బ్యాంకులోని మీ ఖాతా వివరాలు మీ అనుమతితోనే మరో సంస్థకు చేరతాయి. మధ్యలో ఉన్న అగ్రిగేటర్ ఆ వివరాలను చదవలేదు, దాచుకోలేదు. ఏ పనికి, ఎంత కాలానికి అనుమతి ఇస్తున్నారో తెరపై కనిపిస్తుంది. ఎప్పుడైనా దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ఆ రెండు వరుసలూ చదవకుండా "సమ్మతం" నొక్కవద్దు.

ముందు తెర నిండుగా ఉందో లేదో చూడండి

అంకెలు చూసి సంతోషించే ముందు, బాధపడే ముందు, అన్నీ వచ్చాయా అని చూసుకోవాలి. తప్పిపోవడానికి సాధారణంగా నాలుగు కారణాలు ఉంటాయి.

ఒకటి, ఉమ్మడి ఖాతాలు. క్యాస్ పాన్ నంబరుతో పాటు ఖాతాదారుల వరుసను బట్టి తయారవుతుంది. భర్త ఒక్కరి పేరున ఉన్నవి ఒక స్టేట్‌మెంటులో, భర్త మొదటి పేరు, భార్య రెండో పేరుగా ఉన్నవి మరో స్టేట్‌మెంటులో వస్తాయి. భార్య మొదటి పేరుగా ఉన్నవి ఆమె పాన్ కిందే వస్తాయి. ఒక్క స్టేట్‌మెంటు చూసి "అంతా ఇదే" అనుకోకూడదు.

రెండు, పాత ఈమెయిల్, పాత ఫోన్. బదిలీల్లో వదిలేసిన నంబరు ఫోలియోలో అలాగే ఉంటే ఓటీపీ మనకు రాదు. ఎంఎఫ్ సెంట్రల్‌లో గానీ, ఫండు సంస్థ కార్యాలయంలో గానీ వీటిని మార్పించుకోవాలి.

మూడు, ఒకే పెట్టుబడి రెండుసార్లు లెక్కకు రావడం. డీమ్యాట్ రూపంలో ఉన్న ఫండును బ్రోకర్ యాప్ చూపిస్తుంది. మీరు దాన్నే మరో యాప్‌లో చేత్తో నమోదు చేసి ఉంటే మొత్తం ఉబ్బిపోతుంది. అనుమానం వస్తే 12 అక్షరాల ఐసిన్ నంబరు, యూనిట్ల సంఖ్య పోల్చి చూడండి.

నాలుగు, కొన్న ధర. ఒక డీమ్యాట్ ఖాతా నుంచి మరోదానికి షేర్లు మార్చుకుంటే కొత్త యాప్‌కు పాత కొనుగోలు ధర తెలియదు. సున్నా అని చూపవచ్చు. అప్పుడు లాభం అసలు కంటే ఎన్నో రెట్లు కనిపిస్తుంది. పాత కాంట్రాక్టు నోటు చూసి ఆ ధరను మీరే నింపాలి. ఇది పన్ను లెక్కకు కూడా ముఖ్యం. 2024 జూలై 23 నుంచి లిస్టెడ్ షేర్లు, ఈక్విటీ ఫండ్ల దీర్ఘకాలిక లాభంలో ఏడాదికి 1.25 లక్షలు దాటిన భాగంపై 12.5 శాతం పన్ను పడుతోంది.

ఏ వరుసలు ఉంచాలి, ఏవి తీసేయాలి

చాలా యాప్‌లలో తెరపై కనిపించే నిలువు వరుసలను మార్చుకునే వీలు ఉంటుంది. సెట్టింగ్స్ గుర్తు నొక్కితే జాబితా వస్తుంది. ఏది ఉంచాలన్నదే అసలు నిర్ణయం, ఎందుకంటే రోజూ కళ్ల ముందు కనిపించే అంకే మన చేత కొనిపిస్తుంది, అమ్మిస్తుంది.

"నేటి మార్పు" వరుసను తీసేయడం మంచిది. పదిహేనేళ్ల తర్వాత పాప చదువుకు ఉపయోగపడాల్సిన ఫండు ఈ రోజు ఎంత తగ్గిందన్న సమాచారం మనకు దేనికీ పనికిరాదు, నిద్ర పాడు చేయడానికి తప్ప.

"మొత్తం లాభ శాతం" బదులు వార్షిక రాబడిని, అంటే ఎక్స్‌ఐఆర్‌ఆర్‌ను ఉంచండి. రెండు లక్షలు ఐదేళ్లలో మూడు లక్షలైతే మొత్తం లాభం 50 శాతం అని తెర చూపుతుంది. ఏడాది లెక్కన చూస్తే అది దాదాపు 8.4 శాతమే. తారుమారు కూడా జరుగుతుంది. నెల మొదట్లో 10,000 చొప్పున 12 నెలలు సిప్ కట్టి, ఏడాది చివర 1,26,000 చేతికొస్తే మొత్తం లాభం 5 శాతమేనని నిరాశపడతాం. కానీ ఆఖరి వాయిదా ఒక్క నెలే ఉంది. ఒక్కో వాయిదా ఎంత కాలం ఉందో లెక్కవేసి చూస్తే వార్షిక రాబడి సుమారు 9.4 శాతం. డిపాజిట్ వడ్డీతో పోల్చదగిన అంకె ఇదే. ఏడాది కూడా నిండని పెట్టుబడికి మాత్రం ఎక్స్‌ఐఆర్‌ఆర్ విపరీతంగా ఊగుతుంది. దాన్ని పట్టించుకోనవసరం లేదు.

"రెగ్యులరా, డైరెక్టా" అన్న వరుస ఉంటే తప్పక ఉంచండి. డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి నుంచి ఉన్నాయి. వాటిలో పంపిణీదారు కమీషన్ ఉండదు. సలహా తీసుకుంటున్నవారు రెగ్యులర్‌లో ఉండటంలో తప్పు లేదు, కానీ దేనికి డబ్బు ఇస్తున్నామో తెలిసి ఉండాలి.

ఇక గుంపులు చేసుకోవడం. ఫండు సంస్థల పేర్ల వారీగా కాక, అవసరాల వారీగా గుంపులు పెట్టండి: పాప చదువు, ఇల్లు, రిటైర్మెంట్, అమ్మానాన్నల వైద్యం. ఏ గుంపుకూ చెందని పెట్టుబడి మిగిలిందంటే, అది ఎందుకు ఉందో ఆలోచించాలి.

తెర చూపని మిగతా ఇల్లు

ఉదాహరణకు ఒక కుటుంబం దగ్గర 40 లక్షలు ఉన్నాయనుకుందాం: ఫిక్స్‌డ్ డిపాజిట్లు 14, పీపీఎఫ్, ఎన్‌పీఎస్ కలిపి 12, ఈక్విటీ ఫండ్లు 9, బంగారం 3, షేర్లు 2 లక్షలు. వారి యాప్‌లో కనిపించేది ఫండ్లు, షేర్లు కలిపి 11 లక్షలే. "మీ సొమ్ము నూటికి నూరు శాతం ఈక్విటీలో ఉంది, జాగ్రత్త" అని యాప్ హెచ్చరిస్తుంది. నిజానికి అది మొత్తంలో 27.5 శాతం. మార్కెట్ 10 శాతం పడితే తెర మీద 1.10 లక్షల నష్టం ఎర్రగా కనిపిస్తుంది. ఇంటి మొత్తంలో అది 2.75 శాతం. తెరను చూసి కంగారుపడి అమ్మేవారికీ, ఇంటి మొత్తాన్ని చూసి ఆగేవారికీ తేడా ఈ రెండు అంకెల మధ్యే ఉంది.

అందుకే డిపాజిట్లు, పీపీఎఫ్, బంగారం, బీమా పాలసీలను చేత్తోనైనా నమోదు చేయండి. యాప్‌లో వీలు కాకపోతే ఒక ఎక్సెల్ షీటు చాలు. డిపాజిట్ల పక్కన బ్యాంకు పేరు కూడా రాయండి. ఒక్కో డిపాజిటరుకు ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు బీమా ఉంటుంది. ఈ పరిమితి 2020 ఫిబ్రవరి 4 నుంచి అమల్లో ఉంది. ఇంటి పెద్దవాళ్లు సహకార బ్యాంకుల్లో దాచుకున్న సొమ్మును ఈ కోణంలో ఒకసారి చూడాలి. మనలో అధికారులు ఏటా ఇవ్వాల్సిన ఆస్తుల వివరాల ప్రకటనకూ ఇదే షీటు పనికొస్తుంది.

నామినీ అనే వరుస

యాప్‌లు మొదటి పేజీలో చూపనిది, అన్నిటికంటే ముఖ్యమైనది నామినీ పేరు. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో తండ్రి పేరో తల్లి పేరో నామినీగా ఉండిపోతుంది. వారు కాలం చేసినా పేరు మారదు. మీ షీటులో ప్రతి పెట్టుబడికీ ఎదురుగా నామినీ పేరు రాస్తే, ఖాళీలు వెంటనే కనిపిస్తాయి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత వాటా అన్నది కూడా రాయవచ్చు. డిజిలాకర్‌లోనూ ఒకరిని నామినీగా పెట్టుకుంటే, మన తర్వాత వారికి ఆ స్టేట్‌మెంట్లు చూసే అవకాశం ఉంటుంది. దాంతో, ఏమేం ఉన్నాయో వెతుక్కునే బాధ తప్పుతుంది.

మరచిపోయిన వాటిని వెతకడానికీ దారులున్నాయి. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్ల వివరాలు చూడటానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ పోర్టల్ తెచ్చింది. మరచిపోయిన ఫండ్ల కోసం 2025లో మిత్ర అనే వేదిక వచ్చింది. పుట్టింటి, అత్తింటి పెద్దల పేర్లతో ఒకసారి వెతికి చూడండి.

అద్దంలో లేని బొమ్మ

తెరపై అంకె కనిపించినంత మాత్రాన సొమ్ము ఉన్నట్టు కాదు. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో చేర్చి, తామే తయారు చేసిన యాప్‌లో రోజురోజుకూ పెరిగే లాభాలు చూపి మోసగించడం ఇప్పుడు ఎక్కువైంది. ఆ తెర అసలు యాప్‌ల కంటే అందంగా ఉంటుంది. సొమ్ము వెనక్కి అడిగితేనే "ముందు పన్ను కట్టండి" అంటారు. తేడా పట్టడానికి ఒకటే పరీక్ష: అక్కడ కనిపించే షేర్లు మీ పాన్ మీద వచ్చే క్యాస్‌లో ఉన్నాయా? లేకపోతే అవి ఎక్కడా లేనట్టే. మోసపోయామని తెలిసిన నిమిషమే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఓటీపీ, పాస్‌వర్డ్ సంగతి బ్యాంకు కుటుంబాలకు చెప్పనవసరం లేదు గానీ, క్యాస్ ఫైలును కూడా తెలియనివారికి పంపవద్దు. అందులో మన ఆస్తి జాతకమంతా ఉంటుంది.

ఎంత తరచుగా చూడాలి?

గుజరాత్ వ్యాపారులు దీపావళి నాడు లెక్కల పుస్తకాలకు చోప్డా పూజ చేసి, లాభ పంచమి నాడు కొట్లు తెరుస్తారు. పుస్తకం రోజూ రాసినా, ఏడాదికోసారి దాన్ని ఇంటిల్లిపాది ముందు పెట్టి కూర్చోవడం అక్కడి సంప్రదాయం. పెట్టుబడుల తెరకూ అదే పద్ధతి నప్పుతుంది. నెలకోసారి సిప్‌లు, వాయిదాలు సరిగా వెళ్లాయో లేదో చూస్తే చాలు. ఏడాదికోసారి మాత్రం భార్యాభర్తలిద్దరూ, పెద్ద పిల్లలుంటే వారు కూడా కలిసి కూర్చోవాలి. తెర నిండుగా ఉందా, ఏ గుంపు వెనకబడింది, నామినీ ఎవరు, అసలు కాగితాలు ఏ అరలో ఉన్నాయి అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు చూసుకోవాలి. ఆ రోజు తెరను తెరిచి వివరించే పని ఇంట్లో లెక్కలు చూసేవారికి కాక, చూడని వారికి అప్పగించండి. వారు ఎవరినీ అడగకుండా చివరిదాకా వెళ్లగలిగితే మీ అమరిక సరిగా ఉన్నట్టే.