రంగు కడియముల పిట్టలు

హిందూ మహాసముద్రమునందలి సెషెల్స్ దీవులలో కజిన్ అనునది సుమారు 29 హెక్టారుల చిన్న దీవి. సెషెల్స్ వార్బ్లర్ అను పాటపిట్టలు 1968 నాటికి ప్రపంచమంతటిలో ఈ దీవియందే, 30కి లోపుగా మిగిలియుండెను. ఆ యేడు అంతర్జాతీయ పక్షి సంరక్షణ మండలి దీవిని కొని, కొబ్బరి తోటకు బదులు సహజమైన అడవిని పెరుగనిచ్చెను. పిట్టలు క్రమముగా 300కు పైబడెను.

వీని నడవడిని తెలిసికొనుట ఎట్లు? చూపునకు అన్నియు ఒక్కతీరుగనే యుండును. కావున పరిశోధకునికి తోడ్పడువారు సన్నని వలలతో పిట్టలను పట్టి, కాళ్లకు అంకె చెక్కిన లోహపు కడియమును, రంగు కడియములను తొడిగి విడిచెదరు. రంగుల వరుసను బట్టి ఏ పిట్టయో దూరమునుండియే పోల్చవచ్చును. పిదప గూటికి ఎడముగా కూర్చుండి, పిల్లకు మేత తెచ్చిన పిట్ట ఏదో వ్రాసికొందురు. ఆకుల అడుగుననున్న పురుగులను సైతము లెక్కింతురు.

ఇట్టి ఓపికవలన తెలిసినదేమి? ఎదిగిన పిల్లలు, ముఖ్యముగా ఆడువి, తల్లిదండ్రుల కడనే నిలిచి తరువాతి పిల్లలను పోషించుటలో సాయపడును. 1988లో 29 పిట్టలను ఆరిడ్ దీవికి చేర్చగా, అచట ఖాళీ తావులు మెండుగా నున్నందున పిల్లలు వేరుపడి గూళ్లు కట్టెను. మంచి తావులు నిండిన పిమ్మటనే సాయపడుట మరల మొదలయ్యెను.

యాన్ కొమ్డ్యూర్, ఆయన సహచరులు 1997లో ఇంకొక వింతను ప్రకటించిరి. పురుగులు సమృద్ధిగానున్న తావున తల్లి పెట్టు గ్రుడ్లనుండి ఎక్కువగా ఆడుపిల్లలును, కొరతగానున్న తావున మగపిల్లలును కలుగును. మేత చాలినచోట ఆడుపిల్ల తోడు లాభము. చాలనిచోట అదియే తిండికి పోటీ.

కడియముల గుర్తు, పురుగుల లెక్క, వీనిలో ఏది లోపించినను ఈ సంగతి బయటపడెడిది కాదు.