మూడక్షరాల ‘సబ్’, మూడు కిలోమీటర్ల గని

కోలారు బంగారు గనుల (కేజీఎఫ్) గరిష్ఠ లోతు సుమారు 3.2 కిలోమీటర్లు. దాదాపు 120 ఏళ్లలో అక్కణ్నుంచి పైకొచ్చిన బంగారం సుమారు 800 టన్నులు. గనులు మూతపడిన రోజు 2001 ఫిబ్రవరి 28. ఈ అంకెలన్నీ నేల కింద జరిగిన కథకు కొలతలు. ఆ ‘కింద’ అనే భావాన్ని ఇంగ్లిషులో మోసే ఉపసర్గ ‘సబ్’.

పోటీ పరీక్షల పుస్తకాలు సబ్‌తో మొదలయ్యే మాటల్ని అక్షరక్రమంలో పేర్చి, పక్కన అర్థం రాసి వదిలేస్తాయి. వల్లె వేసినవాళ్లకు అవి ఎక్కువ కాలం నిలవవు. అవే మాటల్ని కేజీఎఫ్‌కు తీసుకెళ్తే ఒక్కోదానికీ ఒక చోటు, ఒక సంవత్సరం, ఒక కొలత దొరుకుతాయి. చిత్తూరు జిల్లా నుంచి తాతల కాలంలో ఆ గనుల్లో పనికి వెళ్లిన కుటుంబాల పిల్లలకైతే అది ఇంటి చరిత్ర కూడా.

22 ఉపసర్గలు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు

సంస్కృత వ్యాకరణం ప్ర, పరా, అప, సం మొదలుకొని 22 ఉపసర్గలను లెక్కిస్తుంది. వాటిలో ‘ఉప’ ఒకటి. లాటిన్ ‘సబ్’, గ్రీకు ‘హైపో’, సంస్కృత ‘ఉప’ ఒకే మూలం నుంచి వచ్చిన తోబుట్టువులని భాషా శాస్త్రజ్ఞులు తేల్చారు. అందుకే మన ఉపనది, ఉపగ్రహం, ఉపాధ్యక్షుడు చెప్పే భావానికి సబ్ దగ్గరగా ఉంటుంది.

సబ్‌కు ప్రధానమైన అర్థాలు మూడు. ఒకటి, చోటులో కింద. రెండు, హోదాలో కింద, లేదా పెద్దదానిలో భాగం. మూడు, ఒక కొలతకు లేదా హద్దుకు లోపల. రెండో అర్థం తెలుగువాళ్ల నోట ఎప్పటినుంచో ఉంది: సబ్ కలెక్టర్, సబ్ రిజిస్ట్రార్, సబ్ ఇన్‌స్పెక్టర్, సబ్ జైలు. మిగిలిన రెండింటికీ గనే బడి.

1802: సబాల్టర్న్

మారికుప్పం, ఊరిగాం పరిసరాల్లో బంగారం ఉందని 1802లో నమోదు చేసిన బ్రిటిష్ అధికారి జాన్ వారెన్. ఆయన హోదా లెఫ్టినెంట్. సైన్యంలో కెప్టెన్‌కు దిగువన ఉండే అధికారులను సబాల్టర్న్ అంటారు. సబ్ అంటే కింద, ఆల్టర్ అంటే మరొకరు. మరొకరి కింద ఉన్నవాడు అని అర్థం. 1982లో రణజిత్ గుహ సంపాదకత్వంలో సబాల్టర్న్ స్టడీస్ సంపుటాలు మొదలయ్యాక ఆ మాట చరిత్రలో గొంతు దక్కని జనానికి పేరైంది. కేజీఎఫ్ కథలో ఈ రెండు అర్థాలూ కలుస్తాయి. బంగారం ఉందని రాసిపెట్టిన అధికారీ సబాల్టర్నే, ఆ తర్వాత తరతరాలుగా లోపలికి దిగి దాన్ని తవ్వితెచ్చిన కూలీలూ సబాల్టర్నులే. మొదటివాడి పేరు పుస్తకాల్లో ఉంది. రెండోవాళ్లలో చాలామంది పేర్లు ఎక్కడా లేవు.

3.2 కిలోమీటర్లు: సబ్‌టెరేనియన్

లాటిన్‌లో టెర్రా అంటే నేల. సబ్‌టెరేనియన్ అంటే నేల కింద ఉన్నది, మన మాటలో భూగర్భ. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగంలోకి దిగాక తవ్వకం ఊపందుకుంది. మైసూర్, ఛాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ్, బాలాఘాట్ అనే ఐదు గనులు పేరుపడ్డాయి. వాటిలో ఎక్కువ లోతుకు వెళ్లింది ఛాంపియన్ రీఫ్. బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. దాదాపు నాలుగు బుర్జ్ ఖలీఫాలను ఒకదానిపై ఒకటి నిలబెడితే ఈ లోతు. కేజీఎఫ్ పట్టణం సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉంది. ఆ ఎత్తును తీసేసినా గని అడుగు సముద్రమట్టానికి 2 కిలోమీటర్లకు మించిన దిగువన ఉంటుంది. అక్కడి రాతి వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటేది.

అంత లోతులో మనిషి ప్రాణంతో ముడిపడ్డ మూడు మాటలు చూడండి: సస్పెండ్, సపోర్ట్, సఫొకేట్. వీటిలో సబ్ కనిపించదు గానీ ఉంది. సస్పెండ్ అంటే కిందికి వేలాడదీయడం. కార్మికుల్ని దించే కేజ్ ఉక్కు తాడుకు అలాగే వేలాడేది. సపోర్ట్ అంటే కింద నుంచి మోయడం. పైరాయి కూలకుండా ఖాళీల్లో గ్రానైట్ రాళ్లు పేర్చి ఆపేవాళ్లు. సఫొకేట్‌లో ఉన్న లాటిన్ మాటకు అర్థం గొంతు. గొంతు కింద నొక్కుకుపోవడమే ఊపిరాడకపోవడం. లోతు పెరిగేకొద్దీ గాలిని చల్లబరిచి పంపడం గనికి ప్రాణావసరమైంది.

ఒక్క సబ్ ఇన్ని వేషాలు ఎందుకు వేస్తుంది? తర్వాతి అక్షరాన్ని బట్టి దాని చివరి హల్లు మారుతుంది: సక్సీడ్, సఫర్, సజెస్ట్, సమన్, సప్రెస్, సరోగేట్, సస్టెయిన్. ఇంగ్లిషు లిపిలో వీటి మూడో అక్షరాన్ని గమనిస్తే సంగతి తెలుస్తుంది. మనకు ఇది సంధి పాఠమే. ‘ఉత్’ అనే ఉపసర్గ ఉచ్చారణలో ఉచ్, ఉజ్జ్వలలో ఉజ్, ఉల్లాసంలో ఉల్, ఉన్నతిలో ఉన్ కావడం లేదా? అదే సూత్రం లాటిన్‌లోనూ పనిచేసింది.

147 కిలోమీటర్లు: సబ్‌స్టేషన్

1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి 147 కిలోమీటర్ల లైను వేసి కేజీఎఫ్‌కు కరెంటు తెచ్చారు. అప్పటికి ప్రపంచంలోనే అతి పొడవైన విద్యుత్ లైన్లలో అదొకటి. బెంగళూరు వీధులకు ఆ వెలుగు 1905లో గానీ రాలేదు. గని మూడేళ్ల ముందే అందుకుంది. విద్యుత్తు పుట్టే చోటు స్టేషన్. దాని కిందిస్థాయిలో ఉండి, వచ్చిన విద్యుత్తు వోల్టేజీని మార్చి పంచిపెట్టేది సబ్‌స్టేషన్. ఇది రెండో అర్థం, హోదాలో కింద. వందేళ్ల తర్వాత, 2003లో, ఒడిశాలోని తాల్చేరు నుంచి కోలారు జిల్లాకు సుమారు 1,400 కిలోమీటర్ల హెచ్‌వీడీసీ (హై వోల్టేజ్ డైరెక్ట్ కరెంట్) లైను వచ్చింది. మొదటి లైనుకు దాదాపు పది రెట్ల పొడవు.

1965: సబ్‌అటామిక్

ఇక్కడ సబ్ అంటే కొలతలో లోపల: పరమాణువుకన్నా చిన్నది. ఛాంపియన్ రీఫ్‌లో సుమారు 2.3 కిలోమీటర్ల లోతున టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, జపాన్‌లోని ఒసాకా సిటీ యూనివర్సిటీ, ఇంగ్లండ్‌లోని డర్హమ్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు కలిసి పరికరాలు అమర్చారు. ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్ ఈ కృషిలో ముందున్నారు. వాతావరణంలో పుట్టే న్యూట్రినో అనే కణాల జాడను 1965లో పట్టారు. అదే ఏడాది దక్షిణాఫ్రికా బంగారు గనిలో మరో బృందానికీ ఆ జాడ చిక్కింది.

ఇంత చిన్న కణానికి అంత లోతు ఎందుకు? నేల మీద కాస్మిక్ కిరణాల హోరులో న్యూట్రినో దొరకదు. కోలారు రాయి నీటికన్నా దాదాపు మూడు రెట్లు బరువు. 2.3 కిలోమీటర్ల రాయి దాదాపు 7 కిలోమీటర్ల నీటితో సమానమైన అడ్డు. మిగతా కణాలు అందులో ఆగిపోతాయి. న్యూట్రినో దాటి వస్తుంది. ఎప్పుడో ఒకసారి రాతిలోని కేంద్రకాన్ని తాకి మ్యూయాన్ అనే మరో కణాన్ని పుట్టిస్తుంది. సబ్‌అటామిక్ కణాన్ని పట్టాలంటే సబ్‌టెరేనియన్ ప్రయోగశాల కావాలన్నమాట. బంగారం కోసం తవ్విన లోతు శాస్త్రానికి ఇచ్చిన కానుక ఇది.

టన్నుకు 15 గ్రాములు: సబ్సిడీ, సబ్‌సైడ్

సుమారు 5.1 కోట్ల టన్నుల ఖనిజం నుంచి 800 టన్నుల బంగారం వచ్చింది. భాగిస్తే టన్నుకు సగటున 15 గ్రాములు దాటుతుంది. ఆ సగటు వెనక ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చిన గీత ఉంది. లోతు పెరిగి ఖర్చు ఎక్కింది, రాతిలో బంగారం పలచబడింది. 1956లో మైసూరు రాష్ట్రం, 1962లో కేంద్రం గనుల్ని చేతిలోకి తీసుకున్నాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. చివరి దశలో గనులు ప్రభుత్వ సాయం మీదే నడిచాయి.

ఆ సాయమే సబ్సిడీ. రోమన్ సైన్యంలో వెనక వరుసలో కూర్చుని, అవసరపడితే లేచి వచ్చే దళం పేరు నుంచి ఆ మాట వచ్చింది. కూర్చోవడం, కుదురుకోవడం అనే అదే లాటిన్ కుటుంబానికి చెందినవి ఇంకో రెండు: మాతృసంస్థ కింద ఉండే కంపెనీ సబ్సిడియరీ; కిందికి కుంగడం సబ్‌సైడ్. గని మీది నేల కుంగితే అది సబ్‌సైడెన్స్. మూడు మాటలు, ఒకే ధాతువు.

3.3 కోట్ల టన్నులు: సబ్‌మర్జ్, సబ్‌ఎకనామిక్

గనులు మూతపడ్డాక నీటిని తోడే పంపులు ఆగాయి, లోపలి సొరంగాల్లోకి నీరు చేరింది. సబ్‌మర్జ్ అంటే నీట మునగడం. పైన మిగిలింది సయనైడ్‌తో బంగారం తీశాక వదిలేసిన రాతిపొడి, అవే సయనైడ్ దిబ్బలు: 13 దిబ్బలు, సుమారు 3.3 కోట్ల టన్నులు. వాటిలో టన్నుకు ఒక గ్రాముకన్నా తక్కువ బంగారం ఉంది. తీస్తే ఖర్చైనా రాని ఖనిజాన్ని సబ్‌ఎకనామిక్ అంటారు. ఈ హద్దు రాతిలో లేదు, మార్కెట్లో ఉంది. బంగారం ధర పెరిగితే నిన్నటి సబ్‌ఎకనామిక్ ఇవాళ లాభసాటి అవుతుంది. అందుకే 2024లో ఈ దిబ్బల వేలానికి కర్ణాటక మంత్రివర్గం అంగీకరించింది.

ఒక హెచ్చరిక, ఒక పద్ధతి

సర్‌తో మొదలయ్యే మాటలతో జాగ్రత్త. సరోగేట్‌లో సబ్ ఉంది. సర్ఫేస్, సర్వే, సర్‌ప్లస్‌లలో ఉన్నది మాత్రం పైన అని చెప్పే సూపర్, ఫ్రెంచి మీదుగా వచ్చి సర్ అయింది. గనిలో సర్ఫేస్ పనివాడు, అండర్‌గ్రౌండ్ పనివాడు వేరైనట్టే ఈ రెండు ఉపసర్గలూ వేరు.

కొత్త మాట ఎదురైనప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. సబ్ అసలు రూపంలో ఉందా, మారిందా? మూడు అర్థాల్లో ఇక్కడ ఏది? మిగిలిన ధాతువుకు అర్థమేమిటి? ఈ మూడూ తేలితే నిఘంటువు తెరిచేలోపే సగం అర్థం చేతికొస్తుంది.

చివరగా ఇంకో మాటపై ఈ పద్ధతిని పరీక్షిద్దాం: సబ్‌సిస్ట్. రూపం మారలేదు. ధాతువుకు అర్థం నిలబడటం. కింద నిలదొక్కుకోవడం, అంటే ఉన్నదానితో బతుకు నెట్టుకురావడం. గనులు పోయాక కేజీఎఫ్ నుంచి వేలమంది రోజూ తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు కూలికి, ఉద్యోగానికి వెళ్లి రాత్రికి తిరిగొస్తున్నారు. 800 టన్నుల బంగారం ఇచ్చిన ఊరికి సబ్‌సిస్ట్ చాలదు. అక్కడి పిల్లలకు ఇంగ్లిషు మాటలతోపాటు వాటితో సంపాదించుకునే పని కూడా ఊళ్లోనే దొరకాలి.