గేజి మారితే రైలు నడుస్తుందా?



మా బడి కంప్యూటరు గదిలో పది పాత కంప్యూటర్లు ఉన్నాయి. అన్నిటిలోనూ విండోస్ 10 ఉంది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ సంస్థ దానికి సాధారణ మద్దతు ఆపివేసింది. కొత్తదైన విండోస్ 11 కోరే హంగులు ఆ యంత్రాలలో లేవు. కొత్తవి కొనడానికి డబ్బు లేదు. “లినక్సు పెట్టుకుందాం, అది ఉచితం” అన్నాను. పదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, “మరి మనకు కావలసిన సాఫ్ట్‌వేర్లన్నీ అందులో దొరుకుతాయా మాస్టారూ?” అని అడిగింది.

మంచి ప్రశ్న! సమాధానం వెతుకుదాం రండి.

ఒకప్పుడు గుంటూరు నుంచి గుంతకల్లుకు మీటరుగేజి రైలు నడిచేది. దాని పట్టాల మధ్య దూరం 1,000 మిల్లీమీటర్లు. బ్రాడ్‌గేజిలో అది 1,676 మిల్లీమీటర్లు. ఒక గేజికి చేసిన పెట్టె రెండో గేజి మీద నడవదు. పెట్టెలో లోపం లేదు, పట్టాలలోనూ లోపం లేదు. కొలత వేరు, అంతే!

కంప్యూటరులో ఆ పట్టాల వంటిదే ఆపరేటింగ్ సిస్టమ్. ఫైలు తెరవాలన్నా, తెర మీద గీత గీయాలన్నా ప్రోగ్రామ్ దానినే అడగాలి. విండోస్‌ను అడిగే పద్ధతి వేరు, లినక్సును అడిగే పద్ధతి వేరు. ప్రోగ్రామ్ ఫైళ్ళ అమరిక కూడా వేరే. విండోస్ ప్రోగ్రామ్ ఫైలు ‘ఎం’, ‘జెడ్’ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలతో మొదలవుతుంది. ఇవి మార్క్ జ్బికౌస్కీ అనే మైక్రోసాఫ్ట్ ఇంజనీరు పేరులోని పొడి అక్షరాలు. లినక్సు ప్రోగ్రామ్ ఫైలులో మొదటి గుర్తు తరువాత ‘ఈ’, ‘ఎల్’, ‘ఎఫ్’ అని ఉంటుంది. అందుకే ఒకదాని కోసం తయారైన ప్రోగ్రామ్ నేరుగా రెండోదానిలో నడవదు.

అయితే అన్ని కంపెనీలూ రెండింటికీ తయారు చేయవచ్చు గదా? చేయవచ్చు. కాని జనం చేరే సంతకే వర్తకుడు సరుకు తీసుకువెళతాడు. బల్లమీది కంప్యూటర్లలో ఎక్కువ భాగం విండోస్‌వే. కనుక అమ్మే సాఫ్ట్‌వేర్లు ముందు దానికే వస్తాయి. సాఫ్ట్‌వేర్లు అక్కడున్నాయి కనుక జనమూ అక్కడికే చేరతారు. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్లుంటుంది! ఫోటోషాప్, ఆటోకాడ్, మన దుకాణాల లెక్కలకు వాడే టాలీ – వీటికి లినక్సు రూపాలు లేవు.

మరి లినక్సు సంగతి? 1991లో ఫిన్లండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ళ లీనస్ టోర్వాల్డ్స్ దీనిని మొదలుపెట్టాడు. దీని మూలరచన, అనగా సోర్స్ కోడ్, అందరికీ తెరిచే ఉంటుంది. ఇలాంటి సాఫ్ట్‌వేరును ఎవరైనా మరో ‘గేజి’కి సరిపడేలా మార్చుకోవచ్చు. కంపెనీ అనుమతి కోసం ఎదురుచూడనక్కర్లేదు. 1993లో మొదలైన డెబియన్ అనే లినక్సు రకానికి స్వచ్ఛంద సేవకులు ఇలా 60 వేలకు పైగా ప్యాకేజీలను సిద్ధం చేసి ఒకే గిడ్డంగిలో ఉంచారు. ఏది కావాలన్నా అక్కడి నుంచే తెచ్చుకోవచ్చు. ఊరూపేరూ లేని చోట్ల నుంచి తెచ్చుకుని వైరస్‌ల పాలుకానక్కర్లేదు.

ఇక్కడొక జాగ్రత్త! 60 వేల ప్యాకేజీలంటే 60 వేల పనిముట్లు కావు. వాటిలో చాలా భాగం ఇతర ప్రోగ్రామ్‌లకు ఆధారంగా ఉండే విడిభాగాలే. కనుక లెక్కను చూసి మురిసిపోరాదు. మనకు కావలసింది ఉందా, లేదా అన్నదే చూడాలి.

ఉచితమైతే నాసిరకమా? బొమ్మలను కదిలించే బ్లెండర్ సంగతి వినండి. 2002లో దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడింది. వాడుకరులు ఏడు వారాలలో లక్ష యూరోలు పోగుచేసి దాని మూలరచనను అందరి సొత్తు చేశారు. ఆ బ్లెండర్‌తోనే తీసిన ‘ఫ్లో’ అనే లాత్వియా చిత్రం 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ పొందింది!

రెండు గేజిల మధ్య వంతెనలూ ఉన్నాయి. 1993లో మొదలైన ‘వైన్’ అనే సాఫ్ట్‌వేర్, విండోస్‌ను అడిగే ప్రశ్నలను లినక్సుకు అర్థమయ్యేలా మారుస్తుంది. అన్ని ప్రోగ్రామ్‌లూ దానిలో సరిగా నడవవు గాని, చాలావరకు నడుస్తాయి.

ఇక నా కష్టం చెబుతాను. ఏళ్ళ తరబడి నేను తెలుగులో టైపు చేసిన ప్రశ్నపత్రాలను లినక్సులో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి! తప్పు లినక్సుది కాదు. ఆ పాత ఫాంటు ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలకే తెలుగు రూపాలను తొడిగింది. ఫాంటు లేకపోతే తెలుగూ లేదు. యూనికోడ్‌లో అలా కాదు. తెలుగుకు సొంతంగా 128 స్థానాలున్నాయి. ‘అ’ సంఖ్య 3077. ఏ యంత్రంలోనైనా అది ‘అ’యే. సాఫ్ట్‌వేర్ మారినా మన రాత మనదిగా ఉండాలంటే దానిని ఇలాంటి అందరి పద్ధతిలోనే దాచుకోవాలి.

చివరకు మా పిల్లలు ఒక పట్టిక వేశారు. ఉత్తరాలు, పట్టికలకు లిబ్రేఆఫీస్, రేఖాగణితానికి జియోజెబ్రా, ఆకాశం చూడటానికి స్టెలేరియం, ప్రోగ్రామింగ్‌కు పైథాన్ – అన్నీ లినక్సులో దొరికాయి. ఆఫీసు లెక్కల ప్రోగ్రామ్ ఒక్కటే దొరకలేదు. అందుకని తొమ్మిదింటికి లినక్సు పెట్టాం. ఒకదాన్ని ఇంటర్నెట్టు తీసివేసి, విండోస్‌తోనే ఉంచాం.

చేసి చూడండి: విండోస్ కంప్యూటరులో ఏదైనా చిన్న ప్రోగ్రామ్ ఫైలుకు నకలు తీసి, ఆ నకలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదటి రెండు అక్షరాలు ఏమిటి? చూశాక భద్రపరచకుండా మూసివేయండి. తరువాత మీ బడిలో వాడే సాఫ్ట్‌వేర్ల పేర్లు రాసి, ప్రతిదాని ఎదుట ‘రెండింటిలో ఉంది’, ‘బదులు ఉంది’, ‘లేదు’ అని గుర్తు పెట్టండి. మీ బడికి ఏది తగునో ఆ పట్టికే చెబుతుంది.