ల్యాప్‌టాప్ ప్రాసెసర్: వేగం ఎంత, కరెంటు ఎంత?

చదువుకునే పిల్లలకు ల్యాప్‌టాప్ ఇప్పించాలనుకునే దాతలు దుకాణంలో మొదట అడిగే ప్రశ్న ‘ఐ3నా, ఐ5నా, ఐ7నా?’ అని. అంకె పెద్దదైతే వస్తువు మంచిదని మనందరి నమ్మకం. అది అన్నివేళలా నిజం కాదు.

సెకండ్ హ్యాండ్‌లో దొరికే రెండు ఇంటెల్ ప్రాసెసర్లు చూడండి. ఐ7-7500యు 2016లో వచ్చింది. ఐ5-8250యు 2017లో వచ్చింది. రెండింటికీ కంపెనీ చెప్పిన విద్యుత్తు 15 వాట్లే. కానీ ఆ ఐ7లో రెండు కోర్లు, ఈ ఐ5లో నాలుగు. కోర్ అంటే పనిచేసే మనిషి అనుకోండి. క్లాసు వీడియో, నోట్సు, బ్రౌజర్ అన్నీ ఒకేసారి నడిచేటప్పుడు నలుగురున్నచోటే పని త్వరగా తెములుతుంది. పైగా విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ అనుమతించిన ప్రాసెసర్ల జాబితాలో ఆ ఐ7 లేదు, ఐ5 ఉంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

కాబట్టి పేరు మొత్తం చదవాలి. 8250లో మొదటి 8 అంటే ఎనిమిదో తరం. 1235లో మొదటి 12 అంటే పన్నెండో తరం. చివరి అక్షరం విద్యుత్తును చెబుతుంది. ఇంటెల్ పన్నెండో తరంలో యు రకానికి సాధారణంగా 15 వాట్లు, పి రకానికి 28, హెచ్ రకానికి 45. ఇవి మూల అంకెలు మాత్రమే. పని ఎక్కువైనప్పుడు ఐ5-1235యు 55 వాట్ల దాకా, ఐ5-12500హెచ్ 95 వాట్ల దాకా పోగలవు.

ఏఎండీలోనూ ఇంతే. రైజెన్ 5 7520యులో నాలుగు కోర్లు. 7530యులో ఆరు, అవీ కొత్త డిజైన్‌వి. పేరులో తేడా ఒక్క అంకె!

వేగం పెరిగేకొద్దీ కరెంటు అంతకు మించి ఎందుకు పెరుగుతుంది? వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి. వోల్టేజీ రెట్టింపైతే, వేగం అంతే ఉన్నా, ఖర్చు నాలుగింతలవుతుంది. అందుకే చివరి కొసరు వేగానికే ఎక్కువ కరెంటు, ఎక్కువ వేడి. పలుచని ల్యాప్‌టాప్‌లో ఆ వేడి బయటికి పోక, ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదిస్తుంది.

అలాగని వాట్లు తక్కువైతే చాలనీ అనుకోకూడదు. 20 వాట్లతో 3 నిమిషాల్లో ముగిసే పనికి 60 వాట్-నిమిషాలు ఖర్చు. అదే పని 12 వాట్లతో 6 నిమిషాలు పడితే 72. చూడవలసింది పని పూర్తయ్యేసరికి అయిన మొత్తం ఖర్చు.

బ్యాటరీ లెక్క సులువు. 50 వాట్-గంటల బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ సగటున 8 వాట్లు వాడితే ఆరు గంటలకు పైగా నడుస్తుంది. 25 వాట్లు వాడితే రెండు గంటలే. కాలేజీలో ప్లగ్ పాయింటు దొరకని విద్యార్థికి ఈ తేడా చాలా పెద్దది.

ఇంటర్, డిగ్రీ చదువులకు, మామూలు ప్రోగ్రామింగ్‌కు కొత్త తరం యు రకం సరిపోతుంది. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మాత్రం ఉండాలి. త్రీడీ డిజైన్, వీడియో ఎడిటింగ్ నేర్చుకునేవారికే హెచ్ రకం అవసరం.

కొటేషన్‌లో ‘ఐ5 ల్యాప్‌టాప్’ అని మాత్రమే రాస్తే ఒప్పుకోకండి. ప్రాసెసర్ పూర్తి నంబరు, బ్యాటరీ వాట్-గంటలు రాయించండి. ఆ రెండూ చూసి కొంటే, మీరిచ్చిన డబ్బు పిల్లల చదువుకు పూర్తిగా అక్కరకొస్తుంది.